పెరటి కోళ్ల తెగుళ్లు - గృహిణి కర్తవ్యము



కుక్కుటమునుండి నాలుగు గుణములు నేర్చుకొనవలయునని చాణక్యనీతి బోధించుచున్నది. వేళకు మేల్కొనుట, వెనుదీయక పోరుట, దొరికినదానిని తనవారితో పంచుకొనుట, తన యాహారమును తాను శ్రమించి సంపాదించుకొనుట, ఇవియే యా నాలుగు. మన పెరటికోడియందు వీనిని దినదినమును చూచుచునే యున్నాము. అయితే చాణక్యుడు లెక్కింపని గుణమొకటి కోడికి కలదు. తనకు జబ్బుచేసినదని యది తెలియనీయదు. దుర్బలమైన పక్షిని గ్రద్ద తన్నుకొనిపోవును. తోటికోళ్లు సైతము పొడిచి తరుమును. అందుచేత నోపిక యున్నంతవరకు ఆరోగ్యముగ నున్నట్లే తిరిగి, దాచుకొనలేని స్థితికి వచ్చినపుడు మాత్రమే మూల నక్కి కూర్చుండును. అప్పటికి వ్యాధి సగము దారి నడచియుండును. కావున కోళ్లను పెంచు నిల్లాలికి ముందుగా కావలసినది మందుల విద్య గాదు, చూపు విద్య.

మన పల్లెటిండ్లలో కోళ్లసొమ్ము సాధారణముగ నిల్లాలిదే. పంటసొమ్ము అప్పులకును, జీతపుసొమ్ము నెల సరుకులకును పోగా, గ్రుడ్లమ్మిన డబ్బే పిల్లవాని నోటుపుస్తకములకును, ఆడపిల్ల గాజులకును, పండుగనాటి రవికగుడ్డకును వచ్చుచుండును. ఎదుగు బిడ్డకు దినమున కొక గ్రుడ్డు పెట్టగల భాగ్యమును ఆ గూటివలననే కలుగును. అట్టి గూడు ఒక్క వారములో ఖాళీయైన యింటికి ఎవరును పరామర్శకు రారు. పోయినవి కోళ్లే గదా యని లోకము నవ్వి యూరకుండును. కాని యా గృహిణి యేడాదిపాటు నూకలు చల్లి, తవుడు కలిపి, గ్రద్దలకు కాపలాగాసి కూడబెట్టిన ధనమంతయు మట్టిలో కలిసిపోయినట్లే.

ఈ నష్టమును తప్పించుకొనుటకు దారి లేకపోలేదు. కోళ్ల తెగుళ్లలో మందుతో కుదురునవి కొన్ని, వచ్చిన పిదప మందు లేక ముందుగా టీకాతో మాత్రమే ఆపదగినవి కొన్ని, ప్రభుత్వమునకు తెలుపక దాచరానివి కొన్ని. ఏ తెగులు ఏ తరగతిదో గుర్తింపగలిగినచో, ఏ పూట ఏమి చేయవలయునో తానే తోచును.

ప్రాతఃకాల పరీక్ష

తెల్లవారి గూటి తలుపు తీయు క్షణమే పరీక్షకు తగిన సమయము. ఆరోగ్యముగల కోడి తలుపు తీసినంతనే ఒకదానినొకటి త్రోసికొనుచు బయటికి దూకి, రెక్కలు విదిల్చి, నేల గీరి, మేతకై పరుగెత్తును. చివర మిగిలిన కోడిని, బయటికి వచ్చియు నూకలవంక చూడని కోడిని వెంటనే చేతబట్టి చూడవలయును. కన్ను తేటగ నున్నదా, నీరు కారుచున్నదా? తలమీది తురాయియు, గొంతుక్రింది తమ్మెలును ఎర్రగ నున్నవా, పాలిపోయినవా, లేక నల్లబడినవా? ముక్కునుండి చీమిడి కారుచున్నదా? రొమ్ముటెముక కత్తివాదరవలె చేతికి తగులుచున్నచో నది పదిదినములుగ చిక్కిపోవుచున్న కోడియని తెలిసికొనవలయును. తోకక్రింద ఈకలు తడిసి అంటుకొనియున్నచో కడుపు చెడినదన్నమాట. కోడి దేహము సహజముగనే మనకంటె వేడిగ నుండును. దాని యుష్ణము సుమారు 41 డిగ్రీల సెంటీగ్రేడు. కనుక చేతికి వెచ్చగ తగిలినంతమాత్రమున జ్వరమని భ్రమపడరాదు.

పిదప గూటిలోని రెట్టను చూడవలయును. మంచి రెట్ట గోధుమవర్ణముగ గాని, కొంచెము పచ్చదనముతో గాని గట్టిగ నుండి, పైన తెల్లని పొర కలిగియుండును. దినమున కొకటి రెండు పర్యాయములు జిగటగ, ముదురురంగున వేయుట కోడికి స్వభావము. దానిని చూచి కలతపడ నక్కరలేదు. ఆకుపచ్చని నీళ్ల రెట్ట, నెత్తుటి రెట్ట, సున్నమువలె తెల్లగ పలుచనైన రెట్ట మాత్రము తెగులు చిహ్నములు.

జబ్బు కానిదానిని జబ్బనుకొని కలవరపడుటయు కలదు. పొదుగుడుకు వచ్చిన పెట్ట ఈకలు పొంగించుకొని, మేత తగ్గించి, గూటిలోనే కూర్చుండి, చేయిపెట్టినచో గుర్రుమనును. అది మాతృత్వమే గాని వ్యాధి కాదు. సంవత్సరమున కొకమారు పాత యీకలు రాలి క్రొత్తవి వచ్చునపుడు పెట్ట గ్రుడ్లు మానును, అదియు సహజమే. వైశాఖ జ్యేష్ఠ మాసముల మధ్యాహ్నపు టెండలో కోళ్లు నోరు తెరచి, రెక్కలు దేహమునకు దూరముగ పట్టుకొని రొప్పుట వేడికి. చెట్టునీడయు, మట్టిమూకుడులో చల్లని నీరును చూపినచో సాయంకాలమునకు తేరుకొనును. చల్లని వేకువవేళ నోరు తెరచి ఎగశ్వాస తీయుచున్నచో మాత్రము సందేహింపవలయును.

మందుతో కుదురు తెగుళ్లు

మొదటిది నెత్తుటి పారుడు. దీనిని వైద్యులు కాక్సిడియోసిస్ అందురు. మూడువారములు మొదలు రెండుమాసముల వయసు పిల్లలకు ఎక్కువగ వచ్చును. పిల్లలు రెక్కలు వ్రేలవేసి, గుంపుగ ముడుచుకొని, నెత్తురు కలిసిన రెట్ట వేయును. కంటికి కనబడని సూక్ష్మజీవి దీనికి కారణము. రెట్టతో నేలపై పడిన యా జీవి తడియు వెచ్చదనమును దొరికినచో ఒకటి రెండు దినములలోనే ఇతర కోళ్లకు అంటుకొను శక్తి సంపాదించును. అందువలననే ముసురు పట్టిన దినములలోను, నీటిమూకుడు ఒలికి తడిసిన గూళ్లలోను ఇది చెలరేగును. ఆంప్రోలియం మున్నగు మందులు పశువైద్యుడు చెప్పిన పాళ్లలో త్రాగునీటిలో కలిపి ఇచ్చినచో, మొదటి దినములలోనే పట్టుకొన్న తెగులు తగ్గును. కాని నేల తడిగనే యున్నచో మందు వ్యర్థము. ఊక లేక ఇసుక పొడిగ పరచి, దినదినమును తిరుగవేసి, తడిసినదానిని తీసివేయుటయే అసలు చికిత్స.

రెండవది కడుపులోని పురుగు. పెట్ట బాగుగ తినుచున్నను చిక్కిపోవును, తురాయి పాలిపోవును, గ్రుడ్లు తగ్గును; పిల్ల ఎదుగదు. రెట్టలో తెల్లని దారమువంటి పురుగు అప్పుడప్పుడు కనబడును. నేలపై ఏరుకొని తిను పెరటికోళ్లకు ఇది తప్పనిది. కనుక రెండు మూడు మాసముల కొకపర్యాయము పశువైద్యశాలలో నట్టల మందు అడిగి తెచ్చి పోయవలయును. మందు పోసిన పిదప ఎన్నిదినములు గ్రుడ్లు తినరాదో తప్పక అడిగి తెలిసికొనవలయును. మందు పోసినది కోడికే యైనను, దాని శేషము గ్రుడ్డుతో మన బిడ్డ కడుపులోనికి పోరాదు గదా.

మూడవది పేలును పిడుదులును. పేలు కోడిమీదనే కాపురముండును. తోక క్రిందను రెక్కల క్రిందను ఈకలు విడదీసి చూచినచో కదలాడుచు కనబడును. పిడుదులును నెత్తురు త్రాగు చిన్న పురుగులును మాత్రము పగలు గూటి పగుళ్లలోను, వెదురు కణుపులలోను దాగి, రాత్రి వచ్చి కోడి నెత్తురు పీల్చును. పగలు కోడిని ఎంత వెదకినను చిక్కవు. రాత్రి దీపము పట్టి గూటిని చూచిన నిజము బయటపడును. కోడికి మందు రాచి, గూటిని విడిచిపెట్టుట ఇల్లు తుడిచి వాకిలి మరచినట్లుండును. పగుళ్లు మట్టితో మెత్తి, మరుగునీరు పోసి, సున్నము కొట్టవలయును. పెరటిలో ఒకమూల పొడిమట్టియు బూడిదయు కలిపి పోసినచో కోళ్లు తామే యందు పొర్లాడి పేలను కొంత దులుపుకొనును.

నాల్గవది పడిశము. ముఖము ఒకప్రక్క ఉబ్బి, కన్ను మూసికొనిపోయి, ముక్కునుండి దుర్గంధముగల చీమిడి కారును. వానలలోను చలిలోను ఇరుకు గూళ్లలో వ్యాపించును. మొదటనే వైద్యునికి చూపినచో తగ్గును. తగ్గినను ఆ కోడి చాలకాలము తెగులును మోయుచునే యుండును గనుక క్రొత్త పిల్లలతో కలుపరాదు.

ఐదవది మశూచి. పల్లెలలో కోడికి అమ్మవారు పోసినదందురు. తురాయిమీదను, కనురెప్పలమీదను, ముక్కుమొదటను పొక్కులు లేచి నల్లని పెచ్చులు కట్టును. దీనిని ఎక్కువగ దోమలు వ్యాపింపజేయును. మనుష్యులకు వచ్చు ఆటలమ్మకును దీనికిని సంబంధము లేదు, బిడ్డలకు అంటదు. పెచ్చులను పెరికి వేయరాదు. పలుచని పొటాషు నీటితో కడిగి, వేపాకును పసుపును నూరి పూసినచో హాయి కలుగును. కన్నులు మూసికొనిపోయిన కోడి మేత కానలేక యాకలితో చచ్చును గాని పొక్కులతో చచ్చుట తక్కువ. కనుక దానికి చేతితో మేత తినిపించి, నీరు త్రాగించినచో మూడు నాలుగు వారములలో కోలుకొనును. నోటిలోపల పొర కట్టినపుడు మాత్రము ప్రాణాపాయము కలదు. దీనికి ముందు జాగ్రత్తగా వేయు టీకా కలదు. ఆరు మొదలు ఎనిమిది వారముల వయసున రెక్కపొరలో పొడిచి వేయుదురు.

మందులేని తెగులు

ఇక కొక్కెర తెగులు. వైద్యులు రాణీఖేత్ అని పిలుచునది ఇదియే. దీని చరిత్ర మనవారు తెలిసికొనదగినది. 1926లో జావాద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణమునను ఈ వ్యాధి మొదట గుర్తింపబడెను. అటుపిమ్మట కొలదికాలమునకే మన దేశమున హిమాలయములలోని కుమావూ కొండలపైనున్న రాణీఖేత్ అను నూర కనబడెను. అందుచే ఇతర దేశములవారు న్యూకాజిల్ వ్యాధి యనుదానిని మనవారు రాణీఖేత్ అనిరి. అదే కుమావూ కొండలలోని ముక్తేశ్వరమున నున్న పశువైద్య పరిశోధనాలయములో 1940 దశకమున రూపొందిన టీకా బీజము నేటికిని మన కోళ్లను కాపాడుచున్నది. వ్యాధికి పేరిచ్చిన కొండలే విరుగుడును ఇచ్చినవని సంతోషింపవచ్చును.

తెగులు లోపల ప్రవేశించిన పిదప సాధారణముగ ఐదారు దినములకు బయటపడును. కోడి తలవాల్చి, ఈకలు పొంగించుకొని, కన్నులు మూసి నిలుచుండును. నోటివెంట జిగట కారును. మెడ చాచి, నోరు తెరచి, గురకవంటి ధ్వనితో ఊపిరి తీయును. ఆకుపచ్చని నీళ్ల రెట్ట వేయును. గ్రుడ్లు ఒక్కమారుగ ఆగిపోవును, లేదా పెంకులేని తోలుగ్రుడ్లు వచ్చును. ఈ దశ దాటి బ్రదికినవానికి మెడ మెలికలు తిరుగును; కాలు లేక రెక్క పడిపోవును; ఉన్నచోటనే గిరగిర తిరుగుచుండును. టీకా లేని మందలో పదింట తొమ్మిది చచ్చుటయు, ఒక్కటియు మిగులకపోవుటయు కలదు. ఎండలు ముదురు కాలమున మన పల్లెలలో ఇది ఎక్కువ.

దీనికి మందు లేదు. ఈ మాటను మెత్తబరచి చెప్పుట మేలు గాదు. వెల్లుల్లి నూరి పోయుట, ఉల్లిపాయ తినిపించుట, కాలినూచితో వాత పెట్టుట, మనుష్యులకు వైద్యుడిచ్చిన మాత్రలలో మిగిలినదానిని పొడిచేసి మ్రింగించుట, ఇవన్నియు చూచుచున్నాము. వీనిలో ఏదియు రాణీఖేత్‌ను కుదుర్పదు. మందుషాపులో కొన్న మాత్రలు సూక్ష్మజీవులలో ఒక జాతిమీద మాత్రమే పనిచేయును. ఈ తెగులు కలిగించునది వేరొక జాతి. వాతతో కోడికి బాధ మిగులును, మాత్రతో మనకు ఖర్చు మిగులును.

ఉన్నదంతయు ముందు జాగ్రత్తయే. పిల్ల పుట్టిన ఐదవ దినము మొదలు ఏడవ దినములోపల లసోటా యను టీకా మందును కంటిలోగాని ముక్కులోగాని ఒక్క చుక్క వేయవలయును. నాలుగవ వారమున మరల వేయుదురు. ఎనిమిది వారముల వయసు దాటిన పిదప ఇంతకుముందు చెప్పిన ముక్తేశ్వరపు బీజముతో చేసిన టీకాను చర్మముక్రింద సూదితో ఇత్తురు. అటుపై ఎప్పుడెప్పుడు మరల వేయింపవలయునో పశువైద్యుడు చెప్పును. టీకా ఆరోగ్యముగ నున్న కోడికే వేయవలయును. సూది టీకాకు ఒక వారము ముందుగ నట్టల మందు పోసియుంచుట మేలు.

మరి యింత సులభమైన పని మన పెరళ్లలో ఏల జరుగుటలేదు? బద్ధకము కాదు, లోభము కాదు. కారణ మొకటి కలదు. టీకా సీసా నూరు కోళ్లకు గాని అంతకు మించి గాని సరిపోవునట్లు తయారగును. ఎనిమిది కోళ్లున్న యిల్లాలు సీసా తెచ్చి ఎనిమిది చుక్కలు వేసి తక్కినది దాచుకొన వీలులేదు. మందును నీటితో కలిపిన పిదప గంట రెండు గంటలలో వాడి తీరవలయును. పిదప అది వట్టి నీరే. కలుపకమునుపును దానిని చల్లదనముననే యుంచవలయును. రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చలువలో నుండవలసిన మందు సంచిలోవేసి ఎండలో బస్సులో తెచ్చినచో దారిలోనే చచ్చును. అట్టి మందు వేసి, తెగులు వచ్చినపుడు టీకా పనిచేయలేదని నిందింతుము.

కాబట్టి ఒంటరి పెరటికి ఈ టీకా అందదు, వీధికి అందును. మా వీధిలోని యిల్లాండ్రము కలిసి చేయుచున్న పద్ధతిని ఇచ్చట తెలుపుచున్నాను. పది యిండ్లవారము కోళ్లెన్ని, పిల్లలెన్ని, వాని వయసెంతయో ఒక కాగితమున వ్రాసికొందుము. పశువైద్యశాలలో ముందుగ చెప్పియుంచి, ఒకరు పోయి మంచుగడ్డలు వేసిన ఫ్లాస్కులో సీసా తెత్తురు. కోళ్లను ముందటి రాత్రియే గంపలక్రింద మూసియుంచుదుము. సూర్యోదయమునకు మునుపే చల్లనివేళ ఒకరు మందు కలుపుదురు, ఒకరు కోడిని పట్టుదురు, ఒకరు చుక్క వేయుదురు. చుక్క కంటిలో పడి కోడి రెప్ప ఆర్చువరకు విడువము. సూది టీకాను పశువైద్య సిబ్బందిచేతనే వేయింతుము. గంటలో పని ముగియును. ఖర్చు పంచుకొన్నచో ఇంటికి వచ్చునది ఒకటి రెండు గ్రుడ్ల వెల. దీనివలన మరియొక లాభము కలదు. మన యొక్కరి కోళ్లకు మాత్రమే టీకా వేసి, ప్రక్కింటివాని కోళ్లను విడిచినచో తెగులు గోడ యవతలనే కాచుకొని యుండును. వీధియంతయు వేసినచో దానికి నిలుచు తావు తగ్గును.

దాచరాని తెగులు

పక్షులకు వచ్చు బర్డ్ ఫ్లూ మన దేశపు కోళ్లలో 2006లో మహారాష్ట్రములోని నవాపురమున మొదట బయటపడెను. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు ప్రాంతమునను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను కోళ్లు దీనివలన చచ్చినవి. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశమున ఒక పసిబిడ్డ ఈ తెగులు సోకి మరణించినది. ఆ బిడ్డ పచ్చిమాంసపు ముక్క నోట బెట్టుకొన్నదని వార్తలు వచ్చెను. తల్లులమైన మనము ఈ యొక్క సంగతిని మరువరాదు. మనుష్యులకు ఇది సోకుట అరుదు, కాని సోకినచో తీవ్రము.

నిన్న బాగుగనున్న కోళ్లు నేడు వరుసగ చచ్చుట, తురాయియు తమ్మెలును నీలివర్ణమునకు తిరుగుట, ముఖము వాచుట, కాళ్లపై ఎర్రని నెత్తుటి చారలు కనబడుట దీని చిహ్నములు. రాణీఖేత్‌కును దీనికిని పైచూపునకు భేదము కనుగొనుట వైద్యునికే కష్టము, పరీక్షాలయమున తేలవలసినదే. అందుచే ఒకే దినమున రెండు మూడు కోళ్లు కారణము తెలియక చచ్చినచో ఏ తెగులో మనమే నిర్ణయింపక వెంటనే పశువైద్యశాలకు తెలుపవలయును. 1962 అను సంఖ్యకు ఫోను చేసినను సంచార పశువైద్యులు పలుకుదురు. తెలిపినచో కోళ్లను చంపివేయుదురను భయమున దాచువారు కలరు. బర్డ్ ఫ్లూ యని నిర్ధారణయైనపుడు చుట్టుప్రక్కల ఒక కిలోమీటరు మేర కోళ్లను తొలగించుట నిజమే. అట్లు తొలగించిన కోళ్లకు ప్రభుత్వము పరిహారమిచ్చు విధానమును కలదు. దాచిన కోడికి పరిహారము లేదు, దాచిన తెగులుకు హద్దు లేదు.

పచ్చిమాంసమును, చచ్చిన కోడిని పిల్లలచేత ముట్టనీయరాదు. మాంసమును గ్రుడ్డును లోపలివరకు బాగుగ ఉడికినచో ఈ తెగులు బీజము నశించును. గూడు ఊడ్చునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలయును. శీతకాలమున వలసపక్షులు దిగు చెరువులకు పెరటి కోళ్లను, బాతులను తోలరాదు.

తెగులు వచ్చిన దినమున

అనుమానము కలిగినంతనే జబ్బుకోడిని వేరుచేసి, గాలివాటున కెదురుగాక దూరముగ గంపక్రింద నుంచవలయును. మేత వేయునపుడు మంచి కోళ్లకు ముందును, జబ్బుకోడికి పిదపను వేయవలయును. వెనుకనుండి ముందునకు రారాదు. దాని మూకుడు, దాని చీపురు వేరుగ నుండవలయును. చచ్చినదానిని పెంటకుప్పమీద గాని, కాలువలో గాని పారవేసినచో కుక్కలును కాకులును ఊరంతటికి పంచిపెట్టును. బావికి దూరముగ మూడడుగుల గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చవలయును. మంద పోయిన గూటిని ఊడ్చి, చెత్త కాల్చి, సున్నము కొట్టి, నెలరోజులు ఎండకు విడిచిపెట్టిన పిదపనే క్రొత్త కోళ్లను తేవలయును. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారములు ప్రత్యేకముగ నుంచి చూడక మందలో కలుపరాదు. చుట్టమింటనుండి కానుకగా వచ్చిన కోడికిని ఇదే నియమము.

ఇక అన్నింటికంటె కష్టమైన సంగతి. ఒకటి రెండు కోళ్లు తలవాల్చినంతనే, తక్కినవి నిలబడియుండగనే అమ్మివేయుదమను తలంపు పుట్టును. మారుబేరగాడును ఆ సమయము కనిపెట్టి సగము ధరకు అడుగును. ఏడాది కష్టము పోవుచున్నపుడు సగమైనను దక్కునను ఆశ ఎవరికి కలుగదు? పేదయింటి యిల్లాలిని ఇందుకు నిందించుటకు నాకు నోరు రాదు. కాని యా కోళ్లు ఎక్కడికి పోవునో ఆలోచింపుడు. రేపటి సంతలో అవి పదిగంపల నడుమ నుండును. ఎల్లుండి మరియొక యూర, మరియొక యిల్లాలి పెరటిలో నుండును. ఆమెయు మనవలెనే గ్రుడ్ల సొమ్ముతో పిల్లవాని పుస్తకములు కొనునదియే. మనకు దక్కిన సగము ధర ఆమె మందయంతటి మూల్యము. అంతేకాదు, ఆ సంతనుండియే మరల మన యూరికి కోళ్లు వచ్చును.

ఈ తెగుళ్లు రెక్కలతో ఎగురుటకంటె మన కాళ్లతోను, మన గంపలతోను నడచుటయే ఎక్కువ. వానిని ఆపుటయు మన చేతులలోనిదే. వేకువనే గూటి తలుపువద్ద ఒక్క నిమిషము నిలిచి చూచు కన్ను, జబ్బుకోడిని సంతకు పంపని మనస్సు, ఇరుగుపొరుగు స్త్రీలతో కలిసి టీకా వేయించు పూనిక, ఈ మూడును ధనముతో కొనవలసినవి కావు. ఈ మాసముననే మీ వీధిలో ఎన్ని కోళ్లున్నవో, ఎన్ని పిల్లలు ఏడుదినముల ప్రాయమునకు రానున్నవో లెక్కవ్రాయుడు. ఎండలు ముదురకమునుపే సీసా తెప్పించుడు.